సెన్సర్ గ్లవ్‌తో 14 నెలల సాధన

పక్షవాతంతో నా కుడి చేయి పడిపోయిన ఆరు నెలలకు, ఇంట్లోనే సాధన చేసుకోవడానికి సెన్సర్ గ్లవ్ తెచ్చుకున్నాను. జ్వరం వచ్చిన రోజులు మినహా 14 నెలలుగా దానిని రోజూ వాడుతున్నాను. వేళ్లు ముడిచినా, చాచినా, మణికట్టు తిప్పినా సెన్సర్లు ఆ కదలికను పసిగట్టి ట్యాబ్లెట్‌లోని ఆటకు అందిస్తాయి. వేళ్లను అది తనంతట కదపదు కనుక, కొద్దిపాటి సొంత కదలికైనా మిగిలి ఉన్నవారికే ఉపయోగపడుతుంది.

ఈ పరికరం నాకు చేసిన పెద్ద మేలు, విసుగు పుట్టకుండా ఒకే కదలికను వందల సార్లు చేయించడం. ఉత్తర అమెరికాలోని చికిత్సా కేంద్రాలను పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రోజువారీ పనులకు పనికొచ్చే చేతి కదలికలు ఒక్కో పూటకు సగటున 32 మాత్రమే. మూడో నెలకల్లా నేను రెండు పూటలా కలిపి 300 చేయగలిగాను.

అయితే ఆటలో కనిపించే అంకెలను నమ్మి నేను చాలా నష్టపోయాను. ఆటలో స్కోరు పెరుగుతున్నా చొక్కా బొత్తాం మాత్రం పట్టుబడలేదు. వీడియోలో నా సాధన చూసిన ఫిజియోథెరపిస్టు, మణికట్టు చేయవలసిన పనిని నేను భుజం ఎగరేసి, నడుము ముందుకు వంచి చేస్తున్నానని గుర్తించారు. గ్లవ్‌కు భుజం కనిపించదు; అందువల్ల తప్పుడు కదలికకూ మార్కులు వేస్తూనే ఉంది. ఆమె సూచనతో వీపును మెత్తని పట్టీతో కుర్చీకి ఆనించి కట్టుకున్నాక స్కోరు సగానికి పడిపోయింది, కానీ ముంజేతి కండరాలు అలసిపోవడం తొలిసారి తెలిసింది. 2019లో అమెరికాలో 124 మందిపై జరిగిన ప్రయోగంలో ఇంటి సాధన క్లినిక్ చికిత్సకు తీసిపోలేదని తేలినప్పుడు కూడా, వారికి థెరపిస్టుల పర్యవేక్షణ వీడియో ద్వారా అందుతూనే ఉంది.

బిగుసుకున్న వేళ్లకు ఎడమ చేత్తో గ్లవ్ తొడగడానికి మొదట్లో పావుగంట పట్టేది. ముందుగా వేళ్లను ఒక్కొక్కటిగా నెమ్మదిగా చాపుకుంటే కొంత సులువవుతుంది. ఆట ముగిశాక అరగంట సేపు గ్లాసు, చెంచా, తాళంచెవి వంటి వస్తువులు పట్టుకుని వదలడం నాకు అత్యవసరమైంది, ఎందుకంటే పట్టుకోవడం కన్నా వదలడమే కష్టం. ఇప్పుడు సగం నిండిన గ్లాసును ఎత్తి దించగలను. బొత్తాం మాత్రం ఇంకా ఎడమ చేత్తోనే పెట్టుకుంటున్నాను.