లైనక్స్ కెర్నెల్‌లో ప్రాసెసర్ మెనూ: మా ధర్మకాంటా డబ్బాతో నా అనుభవం

మాది మిర్యాలగూడ. సాగర్ రోడ్డులో మా బావకు ధర్మకాంటా ఉంది. వడ్ల లారీలు, ట్రాక్టర్లు మిల్లుకు పోయే ముందు మా దగ్గర తూకం వేయించుకొని చీటీ తీసుకుపోతాయి. కాంటా గదిలో కంప్యూటర్ బాధ్యత మొత్తం నాది. అదో చిన్న డబ్బా. లోపల ఇంటెల్ ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్. వెనక సీరియల్ పోర్టు ఉంది, తూకం మిషన్ తీగ దానికే తగిలిస్తాం. ఇంకో కంప్యూటర్ తీసుకుందామని నల్గొండలో ఒక షాపుకు పోతే, దీన్ని పాత సామాన్లలో వేసేయమని చెప్పి యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే తీగ ఒకటి చేతిలో పెట్టారు. లారీ కాంటా ఎక్కిన ప్రతిసారీ నేల అదిరి ఆ తీగ జారిపోయేది. స్క్రూలతో బిగించే పాత పోర్టుకు ఆ బాధ లేదు. అందుకే డబ్బాను వదలలేదు.

ఈ డబ్బా నడిచేది లైనక్స్ మీద. ప్రాసెసర్, ర్యామ్, పోర్టులు అన్నిటినీ నడిపించే దాని గుండెకాయ లాంటి ప్రోగ్రామే కెర్నెల్. ఆ కెర్నెల్ దాకా ఎందుకు పోవాల్సి వచ్చిందంటే, ఎన్270 కేవలం 32 బిట్ ప్రాసెసర్, అంటే ఇప్పటి 64 బిట్ వాటికి ముందు రకం. మేము వాడేది డెబియన్ అనే లైనక్స్ రకంలో 12వ వెర్షన్. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ ఇంటెల్ మిషన్లకు ఇన్‌స్టాలర్ లేదు, రెడీమేడ్ కెర్నెల్ కూడా లేదు. 12కు అప్‌డేట్లు వచ్చినంత కాలం ఇబ్బంది లేదు, ఆ తర్వాత కెర్నెల్ మనమే కట్టుకోవాలి, అంటే దాని సోర్సు కోడ్ నుంచి తయారు చేసుకోవాలి. ఆ రోజు వచ్చాక టెన్షన్ పడడం కంటే ఇప్పుడే నేర్చుకుందామని కెర్నెల్ 6.12 వెర్షన్ సోర్సు దించుకున్నాను. అది ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే వెర్షన్, 2024 నవంబరులో వచ్చింది.

సోర్సు ఫోల్డర్‌లోకి పోయి ‘మేక్ మెనూకాన్ఫిగ్’ అని కొడితే నీలం రంగు తెర మీద ఒక మెనూ వస్తుంది. మౌస్ అక్కర్లేదు, బాణం గుర్తులతో తిరగొచ్చు. అందులో ‘ప్రాసెసర్ టైప్ అండ్ ఫీచర్స్’ అనే విభాగం ఉంటుంది. కెర్నెల్ ఏ ప్రాసెసర్ మీద నడవాలి, ఎన్ని కోర్లు చూడాలి, ర్యామ్‌ను ఎలా పంచుకోవాలి అన్నీ అక్కడే. నేను రాస్తున్నది ఆ విభాగం గురించే. దాంతో ఎక్కువ గంటలు గడిపాను కాబట్టి బాగున్నదీ బాగాలేనిదీ రెండూ చెప్పగలను.

మొదటిసారి కట్టింది నా ఐ5 లాప్‌టాప్ మీద. డబ్బా మీద కడితే రోజులు పట్టేది. ప్రాసెసర్ మెనూలోకి పోయి ‘ప్రాసెసర్ ఫ్యామిలీ’ జాబితా తెరిస్తే ‘ఇంటెల్ ఆటమ్’ అని స్పష్టంగా కనిపించింది. ఎంచుకున్నాను, కట్టాను, పెన్‌డ్రైవ్‌లో వేసుకొని కాంటా గదికి పోయాను. మొన్న కార్తీకంలో, వానాకాలం వడ్లు దిగుతున్న రోజులవి. డబ్బా రీస్టార్ట్ చేస్తే నల్లటి తెర మీద రెండు లైన్లు. ఈ కెర్నెల్‌కు ఎక్స్86-64 (అంటే 64 బిట్) ప్రాసెసర్ కావాలి, ఇక్కడ ఉన్నది ఐ686 (అంటే 32 బిట్) మాత్రమే, తగిన కెర్నెల్ పెట్టుకోండి అని. అక్కడితో ఆగిపోయింది.

కిటికీ దగ్గర ఒక డ్రైవరన్న నిలబడి ఉన్నాడు. “తమ్మీ, చీటీ ఎప్పుడిస్తవ్? మిల్లు కాడ మళ్ళ లైను కట్టాలె” అన్నాడు. వెనక ఇంకో ఐదారు బండ్లు ఉన్నాయి. పాత కెర్నెల్‌ను తీసేయకుండా ఉంచాను కాబట్టి సరిపోయింది. రీస్టార్ట్ చేసి బూట్ మెనూలో పాతది ఎంచుకుంటే రెండు నిమిషాల్లో తూకం మొదలైంది. కొత్త కెర్నెల్ పెట్టేవాళ్లు ఎవరైనా సరే, పాతదాన్ని మాత్రం చెరపకండి.

ఆ రాత్రి ఇంటికి వచ్చి మెనూ మళ్లీ తెరిచాను. తప్పు ప్రాసెసర్ విభాగంలో లేదు, దాని బయట ఉంది. మెనూ మొదటి తెరలో అన్నిటికంటే పైన ‘64 బిట్ కెర్నెల్’ అని ఒక లైను ఉంటుంది, దాని ముందు చుక్క పెట్టే ఉంటుంది. 64 బిట్ లాప్‌టాప్ మీద కడుతున్నాం కాబట్టి అదే అనుకొని పెట్టేస్తుంది. నేను ఆ లైను చూడకుండా దాటిపోయాను. దీని మీద నాకు గట్టి ఫిర్యాదే ఉంది. ప్రాసెసర్ గురించి అడగాల్సిన మొట్టమొదటి ప్రశ్న ప్రాసెసర్ విభాగంలో లేకపోవడం ఏమిటి? పైగా 64 బిట్ చుక్క ఉన్నా ఆటమ్ పేరు జాబితాలో కనిపిస్తుంది. 64 బిట్ ఆటమ్‌లు కూడా ఉన్నాయి కాబట్టి పేరు ఉండడం తప్పు కాదు, కానీ నా దగ్గరున్నది అది కాదని నాకు చెప్పేవాళ్లు లేరు. 2025 మేలో వచ్చిన 6.15 వెర్షన్ నుంచి 64 బిట్ వైపు ఈ పాత పేర్లు తీసేశారు, కాబట్టి ఆ గుంతలో ఇక ఎవరూ పడరు. మీరు 6.14 లేదా అంతకంటే పాతది వాడుతుంటే మాత్రం ముందు ఆ పై లైను చూసుకోండి. లేదా మెనూ తెరిచేటప్పుడే ‘మేక్’ తర్వాత ‘ఆర్క్ ఈక్వల్ టు ఐ386’ అని చేర్చండి, చుక్క దానంతటదే పోతుంది.

చుక్క తీశాక జాబితా పూర్తిగా మారిపోయింది. 486 నుంచి మొదలు పెంటియమ్ ప్రో, పెంటియమ్ ఎమ్, కే6, క్రూసో, విన్‌చిప్, జియోడ్, వయా సీ3 అన్నీ వరుసగా వచ్చాయి. నేను చదువుకునే రోజుల్లో ల్యాబ్‌లో చూసిన మిషన్ల పేర్లు కొన్ని అందులో ఉన్నాయి, చూస్తే సంతోషం వేసింది. 386 మాత్రం లేదు. లైనక్స్ 1991లో పుట్టింది ఆ ప్రాసెసర్ మీదే, 2013లో వచ్చిన 3.8 వెర్షన్‌తో దానికి సపోర్ట్ తీసేశారు.

ఈ విభాగంలో నాకు అన్నిటికంటే నచ్చింది సహాయం పేజీ. ఏ ఆప్షన్ మీదైనా ప్రశ్న గుర్తు కొడితే అది ఎవరికి కావాలి, ఎవరికి అక్కర్లేదు అని నాలుగు మాటల్లో రాసి ఉంటుంది. ఆటమ్ మీద కొడితే, ఈ ప్రాసెసర్లు ఆదేశాలను వచ్చిన వరుసలోనే పూర్తిచేస్తాయి, దానికి తగ్గట్టు కట్టిన కోడ్ వీటి మీద బాగా నడుస్తుంది అని ఉంది. నాకు వెంటనే మా కాంటా గుర్తొచ్చింది. ముందున్న లారీ కిందికి దిగితే గానీ వెనకది ఎక్కదు. ముందు బండి డ్రైవరు టీ తాగడానికి పోతే లైను మొత్తం నిలబడుతుంది. పెద్ద ప్రాసెసర్లు అలా ఆగవు, వెనక సిద్ధంగా ఉన్నదాన్ని ముందుకు లాక్కొని పని కానిస్తాయి. ఆటమ్‌కు ఆ తెలివి లేదు, అందుకే సోర్సును ప్రాసెసర్ భాషలోకి మార్చే కంపైలరే ముందుగా బండ్లను సరైన వరుసలో నిలబెట్టి పంపాలి. ఆ ఒక్క ఎంపిక చేసే పని అదే.

ఇదే కారణంగా ఇంకో లాభం కూడా ఉంది. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే లోపాలు బయటపడ్డప్పుడు అందరూ భయపడ్డారు. ముందు ఏం వస్తుందో ఊహించి పని మొదలుపెట్టే ప్రాసెసర్లలో వచ్చే లోపాలవి. ఎన్270 అలా ఊహించి ముందుకు పోదు. డబ్బాలో ‘సిస్’ అనే సిస్టమ్ ఫోల్డర్ కింద ప్రాసెసర్ ఫోల్డర్‌లో ‘వల్నరబిలిటీస్’ తెరిచి మెల్ట్‌డౌన్ ఫైలు చూస్తే ‘నాట్ అఫెక్టెడ్’ అని ఉంది. ఈ రక్షణల కోసం మెనూలో వేరే విభాగమే ఉంది. ఆ డబ్బా కోసమే కడుతున్నాను, ఆ ఫైళ్లు కళ్లతో చూశాను కాబట్టి ఆ విభాగం ఆపేశాను. మీ లాప్‌టాప్‌లో ఇలా చేయకండి. సహాయం పేజీలో కూడా గట్టిగానే హెచ్చరించారు.

రెండో తప్పు ‘ఎస్ఎమ్‌పీ’ దగ్గర. ఒకటి కంటే ఎక్కువ ప్రాసెసర్లు ఉన్న మిషన్ల కోసం అది. ఎన్270లో ఉన్నది ఒకటే కోరు, అందుకే తీసేశాను. బూట్ బాగానే అయింది గానీ, ‘ప్రోక్’ అనే ఇంకో సిస్టమ్ ఫోల్డర్ కింద సీపీయూ (ప్రాసెసర్) సమాచారం చూస్తే సున్నా నంబరు ఒక్కటే కనిపించింది. పాత కెర్నెల్‌లో సున్నా, ఒకటి రెండూ ఉండేవి. ఆ ఒక్క కోరులోనే హైపర్‌థ్రెడింగ్ ఉంది, కెర్నెల్ దాన్ని రెండుగా లెక్కపెడుతుంది. సాఫ్ట్‌వేర్ తూకం చదువుతూ ఉండగానే ప్రింటర్‌కు చీటీ పంపాలి, రెండోది లేకపోయేసరికి చీటీ బయటికి వచ్చేటప్పుడు తెర మీద అంకె ఆగి ఆగి కదిలింది. మళ్లీ పెట్టాను. ప్రాసెసర్ల గరిష్ఠ సంఖ్య 8 అని ఉంటే 2 చేశాను. ఒక్కోదానికి కెర్నెల్ సైజు సుమారు 8 కేబీ పెరుగుతుందని అక్కడే రాసి ఉంది, మిగిలేది కొంచెమే అయినా ఉన్నది ఉన్నట్టు రాయడం నాకు ఇష్టం.

ఎక్కువ సమయం తీసుకున్నది ర్యామ్. ‘హై మెమరీ సపోర్ట్’ దగ్గర మూడు ఎంపికలు ఉన్నాయి: అసలు వద్దు, 4 జీబీ దాకా, 64 జీబీ దాకా. 1 జీబీకి మించని మిషన్‌కు వద్దు అనే ఎంచుకోమని సహాయం పేజీ చెప్పింది. అలాగే చేశాను. తీరా బూట్ అయ్యాక చూస్తే 900 ఎంబీ కూడా లేదు. వంద ఎంబీకి పైగా పోయింది. 32 బిట్‌లో మెమరీకి ఇచ్చే చిరునామాలు 4 జీబీకే సరిపోతాయి, అందులో 3 జీబీ ప్రోగ్రాములకు, 1 జీబీ కెర్నెల్‌కు అని పంచుతారు. ఆ 1 జీబీలో కూడా కెర్నెల్ తన సొంత అవసరాలకు కొంత పక్కన పెట్టుకుంటుంది, మిగిలిన దాదాపు 896 ఎంబీలోకి ఎంత ర్యామ్ పడితే అంతే నేరుగా వాడుతుంది. 1 జీబీ అని సహాయం పేజీలో రాసిన చోట 896 అని రాసి ఉంటే నాకు ఒక రాత్రి నిద్ర మిగిలేది.

ఇక్కడ స్లాష్ బటన్ ఆదుకుంది. మెనూలో ఎక్కడున్నా స్లాష్ కొట్టి పేరు టైప్ చేస్తే ఆ ఆప్షన్ ఎక్కడ ఉంది, కనిపించాలంటే ఇంకేం పెట్టాలి అని చూపిస్తుంది. ‘వీఎమ్‌స్ప్లిట్’ అని వెతికితే పూర్తి 1 జీబీ వాడుకునేలా చిరునామాలు పంచే ఎంపిక ఒకటి ఉందని తెలిసింది. ‘ఎక్స్‌పర్ట్’ ఆప్షన్ పెడితే తప్ప అది కనిపించదు. పెట్టాను, ఎంచుకున్నాను, పోయిన ర్యామ్ తిరిగొచ్చింది. 4 జీబీ ఎంపికతోనూ ఇదే పని అవుతుంది. 1 జీబీ డబ్బాకు ఆ అదనపు లెక్క ఎందుకని నేను ఇది తీసుకున్నాను.

మిగతావి తొందరగా అయిపోయాయి. కెర్నెల్ టైమర్ సెకనుకు 250 సార్లు కొట్టేలానే ఉంచాను. సపోర్ట్ చేసే కంపెనీల జాబితాలో ఇంటెల్ తప్ప అన్నీ తీశాను. ప్రాసెసర్ లోపలి తప్పులు సరిదిద్దే మైక్రోకోడ్ ఆప్షన్ ఉంచాను.

మొదటిసారి డెబియన్ కాన్ఫిగ్ ఫైలుతో (మెనూలో పెట్టిన ఎంపికలన్నీ ఉండే ఫైలు) కట్టినప్పుడు లాప్‌టాప్‌కు గంటన్నర పైన పట్టింది. తర్వాత ‘లోకల్‌మాడ్‌కాన్ఫిగ్’ వాడాను. మిషన్‌లో ఇప్పుడు నడుస్తున్న డ్రైవర్లను మాత్రమే ఉంచి మిగతావి తీసేస్తుంది. డబ్బాలో ‘ఎల్ఎస్‌మాడ్’ జాబితా తీసి ఫైలుగా లాప్‌టాప్‌కు తెచ్చి ఇచ్చాను, పదిహేను నిమిషాల్లోపే అయిపోయింది. ఒక్క జాగ్రత్త: ఆ జాబితా తీసేటప్పుడు అన్నీ తగిలించి ఆన్‌లో ఉంచాలి. నేను తీసినప్పుడు ప్రింటర్ ఆఫ్‌లో ఉంది, దాని డ్రైవర్ ఎగిరిపోయింది, మర్నాడు చీటీలు చేత్తో రాశాం.

ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ ఒకటి తగ్గించింది 64 బిట్ లైను బయట ఉన్నందుకు, 896 మాట దాచినందుకు. పైసా ఖర్చు లేదు, మన మిషన్ ఏమిటో తెలిసినవాళ్లకు చేతినిండా అధికారం ఇస్తుంది. తెలియకపోతే ముందు సీపీయూ సమాచారం చదివి, పేరు, ఫ్లాగులు (ప్రాసెసర్ ఏమేం చేయగలదో చెప్పే గుర్తులు) ఒక కాగితం మీద రాసుకొని కూర్చోండి. నేను ఇప్పుడు అదే చేస్తున్నాను.

కొత్త కెర్నెల్ ఎక్కి రెండు నెలలైంది. ఒక్కసారి కూడా ఆగలేదు, రోజుకు వంద దాకా బండ్లు తూగుతున్నాయి. కాన్ఫిగ్ ఫైలు కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసి కాంటా గది డ్రాయర్లో చీటీ పుస్తకాల పక్కన పెట్టాను. దేవరకొండ వైపు మా బావ దోస్తు కాంటాలో కోర్ 2 మిషన్ ఉందట, సంక్రాంతి దాటాక వచ్చి చూడమన్నాడు. అది 64 బిట్, ఈసారి పై చుక్క తీయాల్సిన పని లేదు.