బెంచి పవర్ సప్లై: లీనియరా, ఎస్ఎంపీఎస్సా?

30 వోల్టులు, 5 ఆంపియర్ల చవక బెంచి సప్లై (బల్ల మీద పెట్టుకుని సర్క్యూట్లకి కావాల్సిన డీసీ వోల్టేజీ ఇచ్చే పెట్టె) కోసం హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడిగినా, ఆన్‌లైన్‌లో వెతికినా ఎదురయ్యేవి రెండు రకాలే: ట్రాన్స్‌ఫార్మర్‌తో వోల్టేజీ తగ్గించి, ఇంకా ఎక్కువైంది వేడిగా వదిలేసే లీనియర్; కరెంటుని చాలా వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ వోల్టేజీ తగ్గించే ఎస్ఎంపీఎస్ (స్విచ్‌డ్ మోడ్ పవర్ సప్లై).

బరువు: లీనియర్‌లో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, ఎత్తితే నాలుగైదు కిలోలు. ఎస్ఎంపీఎస్‌ని ఒంటిచేత్తో పక్కకి జరపొచ్చు.

ధర: ఎస్ఎంపీఎస్సే చవక.

రిపుల్ (డీసీ మీద మిగిలిపోయే చిన్న హెచ్చుతగ్గులు): లీనియర్‌లో కొద్ది మిల్లీవోల్టులే. చవక ఎస్ఎంపీఎస్‌లో పదుల్లోకి పోతుంది, ఆడియో ప్రీయాంప్‌కి (చిన్న సిగ్నల్‌ని పెంచే సర్క్యూట్‌కి) తగిలిస్తే స్పీకర్లో రొద వినిపించొచ్చు.

వేడి: ఇక్కడ లీనియర్‌కి దెబ్బ. లోపల 20 వోల్టులుండగా బయటికి 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు లాగితే 45 వాట్లు ఉత్త వేడి. అందుకే ఆ తేడా తగ్గించడానికి చాలావాటిలో రిలేలు (కరెంటుతో నడిచే స్విచ్‌లు) ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్‌లు (వేర్వేరు వోల్టేజీలిచ్చే తీగలు) మారుస్తూ టిక్కు టిక్కుమంటాయి.

విప్పి చూడటం: కొత్తదైనా నేను ముందు విప్పుతాను, వారంటీ స్టిక్కర్ పోతే పోయింది. ఎర్త్ వైరు బిగించిన చోట లోహానికి తగిలేలా పెయింటు గీకారా? ఫ్యూజు ఫేజ్ వైపే ఉందా? ఈ రెండూ దేన్లోనైనా చూడాల్సిందే. లీనియర్‌లో పవర్ ట్రాన్సిస్టర్ పోయినా మనమే మార్చుకోవచ్చు. ఎస్ఎంపీఎస్‌లో మాత్రం 230 వోల్టుల ఏసీ రెక్టిఫై అయ్యాక పెద్ద కెపాసిటర్లో దాదాపు 325 వోల్టుల డీసీ చేరుతుంది. ప్లగ్గు పీకినా కాసేపు పోదు. మీటరుతో కొలవకుండా వేలు పెట్టొద్దు.

ఆడియో, సెన్సార్ సర్క్యూట్లు చేసేవాళ్లకీ, రిపేరు నేర్చుకునేవాళ్లకీ లీనియర్. మోటార్లు, ఎల్ఈడీ స్ట్రిప్పుల్లాంటి ఎక్కువ కరెంటు పనులకి ఎస్ఎంపీఎస్. బల్ల ఇరుకైనా అదే.