కొత్త వెర్షన్ వచ్చిన రోజే వేసుకోవాలా, వారం ఆగాలా?

సర్వర్లు చూసుకునేవారికీ ప్రోగ్రాములు రాసేవారికీ ఏళ్ల తరబడి ఒకే సలహా వినిపిస్తూ వచ్చింది: అప్‌డేట్ వచ్చిన వెంటనే వేసుకోండి. 2024, 2025 సంవత్సరాల్లో ఓపెన్ సోర్స్ ప్రపంచంలో జరిగినవి చూశాక ఆ సలహాను యథాతథంగా ఇవ్వడం సరికాదని నేను నమ్ముతున్నాను. ఇప్పుడు మన ముందు మూడు దారులున్నాయి. కొత్త వెర్షన్‌ను వచ్చిన రోజే తీసుకోవడం ఒకటి, కొన్ని రోజులు ఆగి తీసుకోవడం రెండోది, డెబియన్ స్టేబుల్ లేదా ఉబుంటు ఎల్‌టీఎస్ వంటి స్థిరమైన లినక్స్ పంపిణీని (ఆపరేటింగ్ సిస్టమ్‌నూ ప్రోగ్రాములనూ కలిపి ఇచ్చే మూటను) పట్టుకుని భద్రతా సవరణలు మాత్రమే వేసుకోవడం మూడోది. వీటిలో ఏది మేలన్నది మనం దేనికి భయపడుతున్నామన్న దాన్నిబట్టి మారుతుంది. పాత కోడ్‌లో ఎవరో పొరపాటున వదిలేసిన లోపం వేరు, కొత్త కోడ్‌లో ఎవరో కావాలని కలిపిన విషం వేరు. మొదటిదానికి తొందరే మందు. రెండోది లోపలికి వచ్చేది ఆ తొందర వల్లనే.

తొందరపడవలసిన అవసరాన్ని ముందుగా చూద్దాం. వెబ్‌సైట్లు తయారుచేయడానికి వాడే అపాచీ స్ట్రట్స్ అనే ఓపెన్ సోర్స్ సాధనంలోని ఒక తీవ్రమైన లోపానికి 2017 మార్చిలోనే సవరణ విడుదలైంది. అమెరికాలో జనం రుణ చరిత్రలను భద్రపరిచే ఈక్విఫాక్స్ సంస్థ తన వెబ్‌సైట్లలో ఒకదానికి ఆ సవరణ వేయలేదు. మే నెల నుంచి జూలై దాకా చొరబాటుదారులు అక్కడే తిష్ఠ వేసి సుమారు 14.7 కోట్ల మంది వివరాలను ఎత్తుకుపోయారు. ఈక్విఫాక్స్‌కు దొరికినంత వ్యవధి ఇప్పుడు దొరకడం లేదు. 2025 డిసెంబర్ 3న, వెబ్ పేజీలు తయారుచేసే రియాక్ట్ లైబ్రరీకి చెందిన సర్వర్ కాంపోనెంట్లలో ఒక లోపం వెల్లడైంది. లాగిన్ లేకుండానే బయటివారు సర్వర్‌లో తమ కోడ్‌ను నడిపించగలిగే ఆ లోపానికి తీవ్రత కొలమానంలో 10కి 10 వచ్చింది, గంటల్లోనే దాడి ప్రయత్నాలు మొదలయ్యాయి. ఇటువంటి చోట వారం ఆగడమంటే తలుపు తీసిపెట్టి ఊరెళ్లడమే.

అయితే అదే 2025 సెప్టెంబర్ 8న జరిగినదాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. జావాస్క్రిప్ట్ ప్యాకేజీల (ఇతరులు రాసి పెట్టిన కోడ్ మూటల) భాండాగారమైన ఎన్‌పీఎంలో చాక్, డీబగ్ వంటి 18 ప్యాకేజీల నిర్వాహకుడొకరికి, రెండంచెల ధ్రువీకరణను నవీకరించుకోమంటూ ఎన్‌పీఎం పంపినట్టే కనిపించే నకిలీ ఈమెయిల్ వచ్చింది. ఆయన దాన్ని నమ్మడంతో ఖాతా దొంగల చేతికి పోయింది. వారానికి 200 కోట్లకు పైగా డౌన్‌లోడ్లు ఉండే ఆ ప్యాకేజీల కొత్త వెర్షన్లలో, బ్రౌజర్‌లో జరిగే క్రిప్టో లావాదేవీలను దారి మళ్లించే కోడ్ చేరింది. సుమారు రెండు గంటల్లో విషయం బయటపడి వాటిని తొలగించడం మొదలైంది. ఆ రెండు గంటల్లో ప్రాజెక్టును తాజాగా బిల్డ్ చేసినవారికి ముప్పు వచ్చింది. ఒక్క రోజు ఆగినవారికి ఏమీ కాలేదు. అదే నెలలో బయటపడిన షాయ్ హులూద్ అనే పురుగు (తనను తాను వ్యాపింపజేసుకునే హానికర ప్రోగ్రాము) డెవలపర్ల లాగిన్ టోకెన్లను దొంగిలించి, వాటితో వారి ఇతర ప్యాకేజీలలోకీ తనంతట తానే పాకింది.

ఈ అనుభవం నుంచే ‘ఆగే గడువు’ పద్ధతికి బలం వచ్చింది. ఎన్‌పీఎం ప్యాకేజీలను దించుకునే సాధనాల్లో ఒకటైన పీఎన్‌పీఎం 10.16 వెర్షన్‌లో ఇందుకోసం ఒక అమరిక చేర్చారు. విడుదలై ఇన్ని నిమిషాలు గడవని వెర్షన్‌ను ముట్టుకోవద్దని దానికి చెప్పవచ్చు. 10080 అని రాస్తే ఏడు రోజులు. అందరూ ఆగితే తప్పును కనిపెట్టేదెవరు అన్న అభ్యంతరం న్యాయమైనదే. కానీ ఎన్‌పీఎంలోకి వచ్చే కొత్త ప్యాకేజీలను భద్రతా సంస్థల యంత్రాలు నిరంతరం జల్లెడ పడుతూనే ఉంటాయి, వాటి పని మనం వేసుకోవడం మీద ఆధారపడదు.

ఏడు రోజుల గడువు అన్నిటినీ ఆపుతుందా అంటే ఆపదు, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాధనం ఉదంతం అందుకు సాక్ష్యం. జియా టాన్ అనే పేరుతో 2021 నుంచి ఓపికగా పనిచేసి నమ్మకం సంపాదించినవారు, ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో, దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌లోకి దొడ్డిదారి తెరిచారు. పరీక్ష ఫైళ్ల రూపంలో దాచిన ఆ కోడ్‌ను మేల్కొలిపే భాగం విడుదల మూటలో మాత్రమే ఉంది, అందరూ చూసే కోడ్ చరిత్ర ఉండే గిట్‌లో లేదు. 2024 ఫిబ్రవరి 24న వచ్చిన 5.6.0లోని మోసం మార్చి 29న గాని లోకానికి తెలియలేదు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు పట్టుబట్టి వెతకకపోతే ఇంకెంత కాలం పట్టేదో. అది ఐదు వారాల పాటు దాగింది కాబట్టి వారం ఆగినవారికి ఆ ఆగడం పనికొచ్చేది కాదు. కాపాడింది మూడో దారి. డెబియన్ 12 అప్పటికి 5.4.1 దగ్గరే నిలిచి ఉంది. డెబియన్ అన్‌స్టేబుల్, ఫెడోరా రాహైడ్, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ వంటి కొత్తదనం కోరే పంపిణీలలోకే ఆ వెర్షన్లు చేరాయి.

స్థిరమైన పంపిణీ కూడా నిర్దోషి కాదని ఒప్పుకోవాలి. ఎన్‌క్రిప్షన్‌కు వాడే ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీలో డెబియన్ స్వయంగా చేసిన ఒక మార్పు వల్ల 2006 నుంచి 2008 మే దాకా ఆ మార్పున్న యంత్రాల్లో దానితో తయారైన ఎన్‌క్రిప్షన్ తాళపు చెవులన్నీ ఊహించగలిగేంత బలహీనంగా ఉండేవి. ఎక్స్‌జెడ్ దొడ్డిదారి ఎస్ఎస్‌హెచ్ దాకా చేరగలగడానికి కూడా, కొన్ని పంపిణీలు సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ కోసం ఎస్ఎస్‌హెచ్‌కు వేసుకున్న అతుకే కారణం. అయినా సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ విషయంలో నా ఓటు నిస్సందేహంగా మూడో దారికే, భద్రతా సవరణలు మాత్రం మనిషి కోసం ఎదురుచూడకుండా వాటంతట అవే పడేటట్టు పెట్టుకోవాలి.

మనం రాసే ప్రోగ్రాముల కింద ఉండే లైబ్రరీలకు రెండో దారి మేలు, ఒక షరతు మీద: వెల్లడైన లోపాన్ని సరిచేసే వెర్షన్‌కు గడువు వర్తించకూడదు. లైబ్రరీల కొత్త వెర్షన్లను ప్రతిపాదించే గిట్‌హబ్ సాధనం డిపెండాబాట్‌లోని గడువు అమరిక ఈ తేడాను తానే పాటిస్తుంది. అది మామూలు వెర్షన్ మార్పులనే ఆపుతుంది, భద్రతా మార్పులను ఆపదు. పీఎన్‌పీఎం 10.16లో మాత్రం మినహాయింపును మనమే రాయాలి. కాబట్టి ఆ మినహాయింపును ఎవరు చేరుస్తారో, సెలవు రోజున లోపం బయటపడితే ఎవరికి ఫోన్ చేయాలో బృందం ముందే నిర్ణయించుకోవాలి. డిసెంబర్ 3 వంటి రోజున రియాక్ట్ సవరణ మన గడువు వల్లే ఆగిపోతే, ఆ ఏడు రోజులూ దాడి చేసేవారికి దక్కుతాయి.