"కెమికల్ రెసిస్టెంట్" అన్న మాట నమ్మి సెంట్రిఫ్యూజ్ కొనొద్దు: ఆక్వా ల్యాబుల వాళ్లకు హెచ్చరిక

భీమవరం, అమలాపురం వైపు రొయ్యల పీసీఆర్ (వైరస్ ఉందో లేదో చూసే పరీక్ష) ల్యాబులు పెడుతున్నవాళ్లు ఆర్డర్ ఇచ్చే ముందు ఇది చదవండి. ఒక ల్యాబులో జరిగిన సంగతి ఇది. "కెమికల్ రెసిస్టెంట్ బాడీ", అంటే రసాయనాల్ని తట్టుకునే బాడీ అని కొటేషన్‌లో రాసిచ్చిన చిన్న సెంట్రిఫ్యూజ్ (శాంపిల్ గొట్టాల్ని వేగంగా తిప్పే యంత్రం) కొన్నారు. మార్కర్ గీతలు పోవడానికి మూతని ఎసిటోన్ (నెయిల్ పాలిష్ తీసే ద్రావకం) దూదితో తుడిస్తే ఆ మేర మెరుపు పోయి జిగటగా తయారైంది, గోరు ఆనిస్తే అచ్చు పడింది. స్క్రూల చుట్టూ సన్నని చీలికలు. సర్వీసువాళ్లు చూసి "కెమికల్ డ్యామేజ్, వారంటీ రాదు" అనేశారు.

ఆ బాడీ ఏబీఎస్ అనే ప్లాస్టిక్. ఏబీఎస్ ముక్కల్ని అతికించడానికే ఎసిటోన్ వాడతారు, అంతగా కరిగిస్తుంది. అమ్మేవాళ్లు చెప్పే రెసిస్టెన్స్ చాలాసార్లు సబ్బునీళ్లకీ, పలచటి ఆల్కహాల్‌కీ మాత్రమే. శాంపిల్ నుంచి ఆర్‌ఎన్‌ఏ (జన్యు పదార్థం) తీసేటప్పుడు వాడే క్లోరోఫాం ద్రావకం, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్ మూతల్నీ పాడుచేస్తుంది. పీసీఆర్ ఫలితం చూసే జెల్ ట్యాంకులు ఎక్కువగా అక్రిలిక్ ప్లాస్టిక్‌వి. వాటికి 70 శాతం ఇథనాల్ తగిలినా పగుళ్లొస్తాయి, కాబట్టి సబ్బునీళ్లు తప్ప ఏదీ వద్దు. పగుళ్లు స్క్రూల దగ్గరా మూలల్లోనే మొదలవుతాయి, ఎందుకంటే బిగింపు ఒత్తిడి ప్లాస్టిక్‌లో అక్కడే నిలిచి ఉంటుంది. మూత పగిలిన సెంట్రిఫ్యూజ్‌ని దయచేసి తిప్పకండి. రోటర్ (లోపల గొట్టాల్ని పట్టుకుని తిరిగే భాగం) విరిగితే ముక్కలు మీద పడకుండా ఆపాల్సింది ఆ మూతే.

ఇనప బాడీ కదా అని ధీమా వద్దు, మామూలు పెయింట్‌ని ఎసిటోన్ లేపేస్తుంది.

అడ్వాన్స్ కట్టేముందు బాడీ, మూత, డిస్‌ప్లే కిటికీ ఒక్కొక్కటీ ఏ ప్లాస్టిక్కో అడగండి. "ఎసిటోన్‌తో తుడవొచ్చా, క్లోరోఫాం చుక్క పడితే ఏమవుతుంది" అన్న రెండు ప్రశ్నలకీ జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పింది రేపు నిలవదు. చాలా భాగాలకి లోపలివైపు ప్లాస్టిక్ పేరు అచ్చుపోసి ఉంటుంది, డెమోకి తెచ్చినప్పుడు తిప్పి చూడండి. ఎసిటోన్, ఆల్కహాల్ వరకూ పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ బాగా తట్టుకుంటుంది.

ఎసిటోన్, క్లోరోఫాం లాంటి సాల్వెంట్ ఒలికితే ప్లగ్ తీసి, రుద్దకుండా టిష్యూతో అద్ది, తర్వాత పిండిన సబ్బుగుడ్డతో తుడవండి. వైరస్ శాంపిల్ ఒలికితే 5 శాతం బ్లీచ్ ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు కలిపి 10 నిమిషాలుంచి, మంచినీళ్ల గుడ్డతో తుడవాలి. అల్యూమినియం రోటర్‌కి మాత్రం బ్లీచ్ తగలనివ్వకండి, తినేస్తుంది. గ్వానిడిన్ అనే రసాయనం ఉన్న ఎక్స్‌ట్రాక్షన్ (ఆర్‌ఎన్‌ఏ తీసే) ద్రావణం ఒలికిన చోట బ్లీచ్ పోయనే కూడదు, విషవాయువు వస్తుంది.