బొచ్చె మూత్రపిండం, వంజరం మూత్రపిండం

చెరువులో ఉండే బొచ్చె చేపకు నీళ్లతోనే బెడద. దాని రక్తంలో ఉప్పు ఎక్కువ, చుట్టూ ఉన్న నీటిలో తక్కువ. అందుకే మొప్పల గుండా నీరు ఆగకుండా లోపలికి వస్తుంది. మూత్రపిండాలు రక్తాన్ని బాగా వడకట్టి, ఉప్పును వెనక్కి తీసుకుని, పల్చటి మూత్రాన్ని ఎక్కువగా వదులుతాయి.

సముద్రంలో వంజరానిది సరిగ్గా దీనికి తలకిందులు. బయటి నీటిలో ఉప్పు దాని రక్తంలోకన్నా దాదాపు 3 రెట్లు. ఒంట్లో నీరు పోతూనే ఉంటుంది కాబట్టి ఉప్పునీళ్లే తాగాలి. మామూలు ఉప్పును మొప్పలే బయటికి తోసేస్తాయి. మూత్రపిండాలు మెగ్నీషియం, సల్ఫేట్ లాంటివి పంపుతాయి. మూత్రం కొద్దిగానే. సముద్ర గుర్రానికైతే రక్తాన్ని వడకట్టే గ్లోమెరులస్‌లే ఉండవు!

నాకు మాత్రం పులసే అద్భుతం. సముద్రంలో ఇలసగా ఉన్నప్పుడు ఒక పద్ధతి, వరదల వేళ గోదావరి ఎక్కాక ఇంకో పద్ధతి. రెండూ అవే మూత్రపిండాలతో!