తల మీద మాగ్నెట్ సిట్టింగులు: పార్కిన్సన్స్‌తో నా రెండేళ్ల లెక్క

ముందే చెప్పేస్తున్నాను, ఆర్‌టీఎంఎస్ అనే మాగ్నెట్ వైద్యం వల్ల నా చేతి వణుకు పోలేదు. వణుకు ఒక్కటే మీ బాధ అయితే ఆ డబ్బు దాచుకోండి. నాకు తగ్గినవి వేరే. ఒళ్లు బిగుసుకుపోవడం, నడకలో మందకొడితనం, అన్నిటికీ మించి ఏ పనీ మొదలుపెట్టబుద్ధి కాని దిగులు. అవి కూడా కోర్సు అయ్యాక కొన్ని వారాల పాటే. అయినా ఈ రెండేళ్లలో మళ్లీ మళ్లీ వెళ్లాను.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా చేసినవాణ్ని. నా జబ్బు మొదట కనిపించింది పద్దు పుస్తకంలోనే. పేజీ పైన మామూలుగా మొదలైన అక్షరం కిందికొచ్చేసరికి సగమైపోయేది. "భూతద్దం కొనుక్కోమంటావా ఏంటయ్యా నన్ను" అనేవారు మా షావుకారు. అంతకు ముందే ముక్కు పోయింది. ఘాటుకి తుమ్ములొచ్చేవి గానీ కొత్త కాయ వాసన తెలిసేది కాదు. ఘాటు తెలిపే నరం వేరు, వాసన తెలిపే నరం వేరని తర్వాత డాక్టరు గారు చెప్తే తెలిసింది.

ఈ జబ్బుకి ఇచ్చే సిండోపా మాత్ర మొదట్లో బాగా పట్టింది. కొన్నేళ్లకి మాత్ర మాత్రకీ మధ్య దాని పట్టు దిగిపోవడం మొదలైంది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కాళ్లు నేలకి అతుక్కుపోయేవి. డోసు పెంచితే మెడ, భుజం వాటంతట అవే మెలికలు తిరిగేవి. డీబీఎస్ ఆపరేషన్ సంగతి వచ్చింది. పుర్రెకి రంధ్రం చేసి, మెదడు లోపలికి తీగలు దించి, ఛాతీ దగ్గర చర్మం కింద బ్యాటరీ పెడతారు. అది మంచి వైద్యమే, తగినవాళ్లకి బాగా పనిచేస్తుంది. కానీ మా ఆవిడ "ఏమండీ, ముందు కోత లేని దారి ఏదైనా ఉందేమో అడగండి" అని పట్టుబట్టింది. అలా విజయవాడ సూర్యారావుపేటలో ఈ మెషీన్ దగ్గరికి చేరాం.

చుట్టాలంతా "షాక్ ట్రీట్‌మెంటా?" అని కంగారు పడ్డారు. కాదు. మత్తు ఇవ్వరు, ఫిట్స్ తెప్పించరు, కుర్చీలో మెలకువగానే ఉంటాం. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం చూపించిన పద్ధతి ఇది. కాయిల్‌లో (తల మీద పెట్టే తీగచుట్టలో) క్షణకాలం కరెంటు పారితే అయస్కాంత క్షేత్రం పుడుతుంది, అది పుర్రె దాటి మెదడు పైపొరలో చిన్న కరెంటు పుట్టిస్తుంది. చిక్కు ఏంటంటే, మామూలు కాయిల్ ప్రభావం రెండు మూడు సెంటీమీటర్ల లోతు దాటదు, పార్కిన్సన్స్ దెబ్బకొట్టే భాగాలేమో ఇంకా లోపల ఉంటాయి. అందుకని వాటితో లంకె ఉన్న పైభాగాన్ని, అంటే కదలికలను నడిపించే చోటును (మోటార్ భాగం), తడతారు. అమెరికాలో 2008లో దీనికి అనుమతి వచ్చింది డిప్రెషన్‌కి, పార్కిన్సన్స్‌కి కాదు. 2020లో యూరప్ నిపుణులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ వడబోసి, పార్కిన్సన్స్‌లో కదలికలకి రెండు వైపులా మోటార్ భాగం మీద, దిగులుకి ఎడమ నుదుటి వైపు ఇస్తే "బహుశా పనిచేస్తుంది" అనే స్థాయి ఇచ్చారు. ఆ "బహుశా" అనే మాట నాకు నచ్చింది. ఖాయం అన్నవాళ్లని నేను యార్డులో చాలామందిని చూశాను.

మొదటి రోజు మోటార్ త్రెషోల్డ్ చూస్తారు. ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న కాయిల్‌ని తల మీద అటూ ఇటూ జరుపుతూ ఒక్కొక్క దెబ్బ వేస్తారు. సరైన చోట తగలగానే నేను కదపకుండానే నా బొటనవేలు ఎగిరింది! పక్కనే ఉన్న మా ఆవిడ నా వేలు పట్టుకుని చూసింది, నేను నాటకమాడుతున్నానేమోనని. ఆ వేలు కదలడానికి ఎంత కనీస బలం కావాలో చూసుకుని దాన్ని బట్టి డోసు లెక్క కడతారు. మీరు వెళ్లిన చోట ఇది చూడకుండా అందరికీ ఒకే బలం పెడుతుంటే లేచి వచ్చేయండి.

తర్వాత సిట్టింగులు. మొబైల్, తాళాలు, ఏటీఎం కార్డు బయట పెట్టమంటారు. చెవుల్లో ప్లగ్గులు తప్పనిసరి, మెషీన్ టకటకమని గట్టిగానే మోగుతుంది. సెకనుకి పది దెబ్బల చొప్పున కొన్ని సెకన్లు, తర్వాత విరామం, మళ్లీ అదే. మోటార్ భాగం మీద పెట్టినప్పుడు పెద్ద బాధ లేదు. నుదుటి వైపు పెట్టినప్పుడు కనుబొమ్మ దానంతట అదే అదిరేది, మొదటి వారం తలనొప్పి ఉండేది, పారాసిటమాల్‌తో పోయింది. "అంకుల్, దవడ వదులుగా ఉంచండి" అని టెక్నీషియన్ అమ్మాయి ఊరికే గుర్తు చేస్తుండేది.

ఇక నా లెక్క. గుమస్తా బుద్ధి కదా, నోటుబుక్ పెట్టాను. రోజూ ఉదయం మాత్ర వేసుకున్న గంటకి, అదే టైముకి, గేటు నుంచి వీధి మలుపు దాకా నడక, ఒకే వాక్యం పది వరుసలు రాయడం. టైము మారిస్తే మాత్ర చేసిన పని మెషీన్ ఖాతాలో పడిపోతుంది. మొదటి వారం ఏమీ లేదు. రెండో వారం చివర్లో పదో వరుస అక్షరం మొదటి వరుసకి దగ్గరగా వచ్చింది. నడకలో తేడా నాకంటే ముందు మా వీధి చివర టీకొట్టు అబ్బాయి కనిపెట్టాడు. కోర్సు అయ్యాక నెలన్నర అటూ ఇటూగా అక్షరం మళ్లీ చిన్నదైంది. ప్రతి కోర్సుకీ దాదాపు ఇదే వరస. వణుకు గడిలో మాత్రం మొదటి నుంచీ ఒకటే మాట, "అంతే ఉంది".

ఇదంతా నమ్మకం వల్లేనేమో అని మా అబ్బాయి అంటాడు. ఉండొచ్చు. 2001లో కెనడా పరిశోధకులు పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి మందు లేని ఇంజెక్షన్ ఇచ్చినా మెదడులో, ఈ జబ్బులో తగ్గిపోయే డోపమైన్ అనే రసాయనం నిజంగానే విడుదలైందని స్కాన్‌లో చూపించారు. ఈ జబ్బులో నమ్మకం కూడా సగం మందులా పనిచేస్తుంది. అందుకే నా అభిప్రాయం కన్నా నా నోటుబుక్‌ని నమ్ముతాను, దాన్ని కూడా పూర్తిగా కాదు.

అసలు ఖర్చు సిట్టింగ్ ఫీజు కాదు, ప్రయాణం. వారానికి ఐదు రోజులు, వారాల తరబడి గుంటూరు నుంచి విజయవాడ. కాజా టోల్, మంగళగిరి, కృష్ణా నది వారధి మీద ట్రాఫిక్. కారులో అంతసేపు కూర్చుంటే వెళ్లేసరికే ఒళ్లు కర్రలా బిగుసుకునేది. ఒకసారి దారిలోనే మాత్ర దిగిపోయి, కారు దిగాక మెట్లు ఎక్కలేక అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. ఇన్సూరెన్స్ వాళ్లు మా క్లెయిమ్ ఒప్పుకోలేదు. ఊళ్లోనే దొరికితేనో, అక్కడ బంధువుల ఇల్లుంటేనో దీని విలువ రెట్టింపు అనుకోండి.

వేరే ఒక సెంటర్లో మొదట విచారించినప్పుడు "పూర్తి ప్యాకేజీ తీసుకుంటే మాత్రలు మానేయొచ్చు" అన్నారు. అక్కడికి మళ్లీ వెళ్లలేదు. ఈ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే విపరీతమైన జ్వరం, బిగుసుకుపోవడంతో ప్రాణం మీదికి రావచ్చు. నాకు మాత్ర ఒక్కటి కూడా తగ్గలేదు. తలలో లోహపు క్లిప్పులు, చెవిలో వినికిడి కోసం అమర్చిన కాక్లియర్ ఇంప్లాంట్, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, ఫిట్స్ వచ్చినవాళ్లు న్యూరాలజిస్టుతో ఆ మాట చెప్పకుండా కుర్చీ ఎక్కకూడదు. ఫిట్స్ రావడం అరుదే గానీ ఉంది.

మా మేనల్లుడు ఈ మధ్య ఇంట్లోనే పెట్టుకునే టీడీసీఎస్ మెషీన్ కొని పంపిస్తానన్నాడు. ఉప్పునీటితో తడిపిన స్పాంజ్‌లు తలకి కట్టుకుని ఒకటి రెండు మిల్లీయాంపుల సన్న కరెంటు ఇచ్చుకోవడం. వారధి దాటక్కర్లేదని నాకూ ఆశ పుట్టింది. స్పాంజ్ ఎండితే చర్మం కాలుతుందని, ఎక్కడ పెట్టాలో తెలియకుండా పెట్టుకోవద్దని డాక్టరు గారు అన్నారు. ప్రస్తుతానికి వద్దన్నాను. దసరా రద్దీ అయ్యాక ఇంకో కోర్సు ఆర్‌టీఎంఎస్‌కే పేరు రాయించాం.