ఎనిమిది లైట్లూ వెలిగాయి, నెట్ మాత్రం నత్తనడకే: చవక ల్యాన్ టెస్టర్ రివ్యూ

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లమ్మే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, నెట్ కేబుల్‌ని పరీక్షించే ల్యాన్ టెస్టర్ అనగానే కౌంటర్ మీదికి వచ్చే వస్తువు దాదాపు ఒకటే. రెండు ముక్కలు: కేబుల్ ఒక కొసకి తగిలించేది మెయిన్, రెండో కొసకి తగిలించేది రిమోట్. రెండిటి మీదా 1 నుంచి 8 దాకా చిన్న లైట్లు, చివర జి అని తొమ్మిదోది (కేబుల్‌కి లోహపు తొడుగు ఉంటే దానికోసం). ధర మూడొందలకి అటూ ఇటూ. డబ్బా మీద పేర్లు మారతాయి గానీ లోపలి సరుకు పెద్దగా మారదు. ఆఫీసుల్లో వైరింగ్ చేసేవాళ్ల సంచిలో ఇది ఉండి తీరాలి. కాకపోతే దీని మాట ఎంతవరకు నమ్మాలో తెలియకపోతే క్లయింట్ ముందు పరువు తీసేదీ ఇదే.

ఇది చేసే పని ఒక్కటే. కేబుల్ లోపలి ఎనిమిది తీగల్లో ఒక్కోదానిలోకి వరసగా కరెంటు పంపి, అవతలి కొసన ఏ పిన్నులో తేలిందో చూపిస్తుంది. రెండు వైపులా 3 వెలగలేదా, మూడో తీగ తెగినట్టు, లేదా జాక్‌లో (కేబుల్ కొసన బిగించే ప్లాస్టిక్ ప్లగ్‌లో) పిన్ను దాకా చేరనట్టు. మెయిన్‌లో 2 వెలిగినప్పుడు రిమోట్‌లో 4 వెలిగితే తీగలు తారుమారు. అసలేదీ వెలగకపోతే ముందు బ్యాటరీ చూడండి. కరెంటు తిరిగి రావడానికి ఇంకో తీగ కావాలి కాబట్టి, ఒక్క తీగే బాగున్న కేబుల్‌కి కూడా లైట్లన్నీ ఆరిపోయే ఉంటాయి.

రిమోట్ 3-6-1-4-5-2-7-8 వరసలో వెలిగిందంటే తీగల రంగులు పేర్చే రెండు పద్ధతుల్లో ఒక కొసని 'ఏ' (T568A) ప్రకారం, ఇంకో కొసని 'బి' (T568B) ప్రకారం క్రింప్ చేశారన్నమాట, అంటే జాక్ నొక్కి బిగించారన్నమాట. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకున్నప్పుడు జరిగే పని ఇది. ఇప్పటి నెట్‌వర్క్ స్విచ్‌లు (ఆఫీసు కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టెలు) దీన్ని తామే సర్దుకుంటాయి, నెట్ నడుస్తుంది. అయినా తెంపి మళ్లీ క్రింప్ చేయడమే పద్ధతి.

ఇక టెస్టర్ బోల్తా పడే చోటికి వద్దాం. బి పద్ధతి వరస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. కొత్తవాళ్లకి మధ్యలో నీలం ఎందుకు దూరిందో అర్థం కాదు. ముచ్చటగా ఉంటుందని నారింజ జత, ఆకుపచ్చ జత, నీలం జత, గోధుమ జత అని రంగుల వారీగా పేర్చేస్తారు. రెండు కొసలా అదే వరస ఉంటుంది కాబట్టి టెస్టర్ 1 నుంచి 8 దాకా చక్కగా వెలిగి శభాష్ అంటుంది. నిజానికి ఆ కేబుల్ పాడైనట్టే. 3, 6 పిన్నులు ఒకే సిగ్నల్‌కి రెండు కాళ్లు, ఆ రెండు తీగలూ ఒకదాన్నొకటి మెలేసుకుని ఉండాలి. ఇక్కడ మూడో పిన్నుకి ఆకుపచ్చ జతలోది, ఆరో పిన్నుకి నీలం జతలోది వచ్చాయి. మెలిక లేకపోతే పక్క జతల రొద లోపలికి దూరుతుంది. రెండు మీటర్ల ముక్కలో ఏమీ తెలియదు. నలభై మీటర్లు లాగి టాలీ తెరిచాక, పెద్ద ఫైలు కాపీ పెట్టాక అసలు రంగు బయటపడుతుంది. దీన్ని స్ప్లిట్ పెయిర్ అంటారు. దీన్ని పట్టే టెస్టర్లు వేరే ఉన్నాయి, ధర కూడా వేరే. ఈ మూడొందల దాన్ని కొన్నప్పుడు మాత్రం జాక్‌ని వెలుతురులో పెట్టి రంగులు కళ్లతో చదువుకోవాల్సిందే. క్రింప్ చేసేటప్పుడు మెలికలు అరంగుళానికి మించి విప్పకూడదు, పైతొడుగు జాక్ లోపలి దాకా రావాలి.

రాగికీ, రాగిపూత వేసిన అల్యూమినియానికీ కూడా దీనికి తేడా తెలియదు. 305 మీటర్ల బాక్స్ అనుమానం వచ్చేంత చవగ్గా దొరికితే, పైగా చేతికి తేలిగ్గా తగిలితే, ఒక తీగని బ్లేడుతో గీకి చూడండి. లోపల వెండిరంగు కనిపిస్తే అది సీసీఏ, అంటే ఆ రాగిపూత అల్యూమినియమే. టెస్టర్‌లో లైట్లన్నీ వెలుగుతాయి, కానీ కేబుల్ మీదుగానే కరెంటు తీసుకునే కెమెరా డెబ్బై మీటర్ల అవతల ఉంటే, చీకటి పడి ఐఆర్ లైట్లు (రాత్రి చూపు కోసం కెమెరాలో ఉండేవి) ఆన్ కాగానే కరెంటు చాలక రీస్టార్ట్ అవుతూ ఉంటుంది. పగలు చూడ్డానికొచ్చిన టెక్నీషియన్‌కి అంతా బాగానే కనిపిస్తుంది.

అందుకే లైట్ల పరీక్ష అయ్యాక రెండో పరీక్ష కూడా చేయాలి. విండోస్‌లో ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ (ncpa.cpl) రన్ చేసి, ఈథర్నెట్ స్టేటస్‌లో స్పీడ్ చూడండి. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) స్విచ్‌కి తగిలించినా 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగితే 4, 5, 7, 8 పిన్నుల మీద కన్నేయండి. వందకి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి.

వాడకంలో పెద్ద ప్రమాదాలు రెండు. స్విచ్‌కి తగిలి ఉన్న కేబుల్‌కి టెస్టర్ పెట్టకూడదు. కేబుల్‌లోనే ఎప్పుడూ కరెంటు పారే పాసివ్ పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) లైన్ అయితే టెస్టర్ అక్కడికక్కడే కాలిపోతుంది. రెండోది, పరీక్ష కోసం పీకిన కొసని వేలాడదీసి వెళ్లడం. తర్వాత వచ్చినవాళ్లు పాపం ఊడిపోయిందేమో అని దాన్ని ఖాళీగా ఉన్న పోర్టులో గుచ్చుతారు. దాని రెండో కొస అప్పటికే అదే స్విచ్‌లో ఉంటే లూప్ పడ్డట్టే, అంటే డేటా బయటికి పోకుండా అక్కడే గిరగిరా తిరుగుతుంది. మామూలు చవక స్విచ్‌కి దాన్ని ఆపే తెలివి ఉండదు. లైట్లన్నీ ఒకేసారి పిచ్చిగా కొట్టుకుంటాయి, ఆఫీసు మొత్తం ఆగిపోతుంది. లైట్లు నెమ్మదించేదాకా ఒక్కో కేబులూ పీకుతూ పోవడమే మార్గం. పీకే ముందు టేపు ముక్క మీద పోర్టు నంబరు రాసి అంటిస్తే ఈ తిప్పలుండవు.

కొనొచ్చా? కొనండి, ఐదుకి మూడున్నర. తెగిన తీగని, తప్పు వరసని అరనిమిషంలో పట్టిస్తుంది. గోడ దగ్గర పాయింటు ర్యాక్‌లో (స్విచ్‌లు బిగించే అరలో) ఎక్కడ తేలిందో వెతకడానికీ పనికొస్తుంది. 9 వోల్టుల బ్యాటరీ చాలాసార్లు డబ్బాలో రాదు, పైగా టెస్టర్ దానంతటదే ఆగిపోదు. ఆపడం మర్చిపోతే మర్నాటికి లైట్లు మసకే.

మరొకటి, టెలిఫోన్ జాక్‌కి పక్కనే విడిగా ఆర్‌జే11 కన్నం ఉంటుంది, దాన్నే వాడండి. చిన్న జాక్‌ని పెద్ద కన్నంలో దూరిస్తే దాని ప్లాస్టిక్ అంచులు రెండు చివరల పిన్నుల్నీ వంచేస్తాయి. ఆ తర్వాత ఏ కేబుల్ పెట్టినా 1, 8 వెలగవు, బాగున్న జాకుల్ని తెంపుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది.